మాట అందించే గుసగుసమ్మ

నాటకాల కంపెనీలో ఆమె అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ తెలియదు. అందరికీ ఆమె గుసగుసమ్మే. స్టేజీకి ఎడమ పక్కన, తెర చాటున, మెత్త కూడా లేని స్టూలు మీద కూర్చునేది. నాటకం పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, పాత్రధారి నోట మాట ఆగిపోతే అతని చెవికి మాత్రమే వినబడేలా ఆ మాట అందించేది. గోడల మీద అంటించే పోస్టర్లలో, అట్టడుగున, లైట్లవాడి పేరు పక్కన ప్రాంప్టరు అని వేసేవారు. కంపెనీలో మాత్రం ఆ పనిని అందింపు అనేవారు. అందుకున్నవాడికి చప్పట్లు, అందించినదానికి దోమకాట్లు అని ఆమె తన మీద తనే జోకు వేసుకునేది.

అదేం బ్రహ్మవిద్యా అనుకునేరు. వాక్యమంతా అందిస్తే జనానికి వినబడిపోతుంది, మొదటి ముక్కే ఇవ్వాలి. తొందరపడి ఇస్తే నటుడికి ఒళ్ళు మండుతుంది. ఆలస్యంగా ఇస్తే వెనక వరసల్లో ఈలలు మొదలవుతాయి. ఆ సందు కనిపెట్టడంలోనే ఉంది పనితనమంతా. గుసగుసమ్మ మొహాలు చూసేది కాదు, గొంతులు చూసేది. మాట బయటికి వచ్చేముందు గొంతు కదులుతుంది. కదలకుండా నిలిచిపోయిందంటే మాట పోయినట్టే, వెంటనే అందించేది. ఆమె స్టూలు మీద ఉండగా ఏ నాటకమూ ఆగలేదు. ఆ గర్వం ఆమెకుండేది, ఉండకేం.

ఆమె మొగుడు అదే కంపెనీలో గాయకుడు. పడవవాడి కథని పాటలతో ఆడే నాటకం ఒకటుండేది. కంపెనీ పుట్టినప్పటి నుంచీ అన్నం పెట్టిన నాటకం అది. తాతలు చూశారు, మనవలూ చూశారు. అందులో పడవవాడి వేషం ఆయనదే. వీధిలో పిల్లలు కూడా పడవాయన అని పిలిచేవారు. వరదలో అవతలి గట్టున చిక్కుకున్నవాళ్ళని తీసుకురావడానికి పడవవాడు బయలుదేరతాడు. పెళ్ళాం ఒడ్డున నిలబడి "తిరిగొస్తావా?" అని అడుగుతుంది. "వస్తాను" అంటాడు. అనగానే పాట. ఆ పాటకి హాలు హాలంతా కళ్ళు తుడుచుకునేది.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. కాలు కొంత వెనక్కి వచ్చింది, చెయ్యి కొంత వచ్చింది. మాట మాత్రం రాలేదు. చెప్పింది అర్థమవుతుంది. నవ్వాల్సిన చోట నవ్వుతాడు, విసుక్కోవాల్సిన చోట విసుక్కుంటాడు. నోరు తెరిస్తే "అ... అ..." తప్ప ఇంకేమీ లేదు. గుసగుసమ్మకి లోకం తలకిందులైపోయింది. ఊరందరి నోటికీ మాటలు అందించిన తను, సొంత మొగుడి నోట్లో ఒక్క మాట పెట్టలేకపోతోంది. వంటింట్లో గిన్నెలు తోముతూ ఏడ్చేది. చప్పుడు ఆయనకి వినబడకుండా కుళాయి పూర్తిగా తిప్పి పెట్టుకునేది.

ఆసుపత్రి నుంచి ఒకావిడ ఇంటికి వచ్చి ఆయనకి మాటలు నేర్పేది. ఆమెని వీళ్ళు మాటల మేడమ్ అనేవారు. చిన్న వయసు, పెద్ద సంచీ, బోలెడంత ఓపిక. సంచీలోంచి బొమ్మల అట్టలు తీసి ఆయన ముందు పరిచేది. గొడుగు, తాళంచెవి, కుర్చీ. ఆయన గొడుగు బొమ్మ వంక చూసి నోరు తెరిచేవాడు. పెదాలు వణికేవి.

"గొడుగు" అనేది గుసగుసమ్మ.

"మీరు చెప్పకండమ్మా" అనేది మాటల మేడమ్.

"చెప్పలేదు తల్లీ, కాస్త అందించానంతే."

"అందించొద్దు. ఆయన వెతుక్కోనివ్వండి."

సరే అనేది. తర్వాతి బొమ్మ తాళంచెవి. ఆయన గొంతు కదిలి కదిలి ఆగిపోయేది. ఆమె నోట్లోంచి "తా" జారిపోయేది. ఏం చేస్తుంది, జీవితమంతా చేసిన పని. ఎవరి గొంతయినా అలా ఆగితే ఆమె నోరు దానంతటదే తెరుచుకునేది.

ఒకరోజు ఆమె ఆడపడుచు పాత రికార్డు ప్లేయరొకటి చంకనెత్తుకుని మూడంతస్తులు ఎక్కి వచ్చింది. పడవాయన చెల్లెలు. మెషీను మీద తువాళ్ళకి అంచులు కుట్టే ఫ్యాక్టరీలో పని ఆమెది, నోరు ఆ మెషీను కన్నా వేగం. "వదినా, మా ఫ్యాక్టరీ వాచ్‌మన్ ఇంట్లో దొరికింది చూడు" అంటూ గుడ్డసంచీలోంచి ఒక రికార్డు తీసింది. అట్ట మీద పడవ, తెడ్డు పట్టుకుని కుర్ర పడవాయన. కంపెనీ మొత్తం ఒకసారి హాల్లో కూర్చుని పాడగా తీసిన రికార్డు అది. వీళ్ళ దగ్గరా ఒకటుండేది, ఎవరో అడిగి తీసుకెళ్ళారు, వాళ్ళు ఇవ్వలేదు, వీళ్ళు అడగలేదు. రోజూ స్టేజీ మీద వినేదాన్ని ఇంట్లో కూడా ఎవరు వింటారు?

ముల్లు పెట్టారు. బరబరలాడింది. తర్వాత డప్పు, ఆ తర్వాత తెడ్ల పాట.

*తెడ్డు వెయ్యి, తెడ్డు వెయ్యి, తెల్లవారేదాకా వెయ్యి...*

కిటికీ దగ్గర కుర్చీలో ఉన్న పడవాయన తల ఎత్తాడు. పెదాలు కదిలాయి. గొంతు బొంగురుగా లేచింది, లేచి నిలబడింది, పాట అందుకుంది. ఒక్క మాట తప్పు పోకుండా చివరి చరణం దాకా పాడేశాడు. ఆడపడుచు ముక్కున వేలేసుకుంది. గుసగుసమ్మ చేతిలో గరిటె ఉందన్న సంగతి మరిచిపోయి ఆయన కాళ్ళ దగ్గర కూలబడింది.

"ఏమండీ, వచ్చేసింది. మాట వచ్చేసింది. చెప్పండి, నేనెవర్ని?"

ఆయన ఆమె వంక చూశాడు. నోరు తెరిచాడు. "అ... అ..."

"అన్నయ్యా, ఆకలేస్తోందా?" అంటూ ఆడపడుచు తెడ్ల పాట బాణీలో రాగం తీసి అడిగింది. ఆయన సంతోషంగా తెడ్డు వెయ్యి, తెడ్డు వెయ్యి అని పాడాడు. ముగ్గురూ నవ్వారు. నవ్వి నవ్వి గుసగుసమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయింది.

మాటల మేడమ్ వచ్చినప్పుడు రికార్డు వేసి చూపించారు. ఆవిడ శ్రద్ధగా వింది. "పాట తలలో ఒకచోట ఉంటుందమ్మా, మాట ఇంకోచోట. పాట మిగిలింది, మంచిదే. అది తలుపులాంటిది. కానీ రికార్డుతో పాడింది మా వాళ్ళు లెక్కలోకి తీసుకోరు" అంది. ఆ తర్వాత సంచీ పట్టీ సరిచేసుకుంది. అసలు సంగతి చెప్పడానికి ఆవిడకీ నోరు రాలేదు. "వచ్చేసారి మా పెద్ద డాక్టరుగారికి నేను చెప్పాలి. అప్పటికి ఆయన సొంతంగా ఒక్క మాటైనా అనకపోతే, ఈ ఇంటికి రావడం ఆపెయ్యమంటారు. నా చేతిలో ఏమీ లేదు. బయట ఎంతోమంది కాచుకుని ఉన్నారు."

"అంటే ఇక ఇంతేనా?" అంది గుసగుసమ్మ.

"ఒక్క మాట చాలమ్మా. అట్టల మీద మాటే అవక్కర్లేదు. ఆయన అనుకుని ఆయన అన్న మాట ఏదైనా సరే. పాట మధ్యలో రికార్డు ఆపండి. ఆపి, ఎదురుచూడండి. మీరు మాత్రం నోరు విప్పకండి."

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో రికార్డుకి విశ్రాంతి లేదు. పొద్దున లేస్తూనే తెడ్ల పాట. పాలు పొంగి పొయ్యి ఆరిపోయేది, ఆమెకి పట్టేది కాదు. జుట్టు దువ్వుకోవడం మానేసింది. చరణం మధ్యలో ముల్లు ఎత్తేది. పాట ఆగేది, ఆయనా ఆగేవాడు. ఆయన పెదాలు వణికేవి, గొంతు ఆగేది. "తెల్లవారే" అని ఆమే అందించేసేది. అందించాక నెత్తి కొట్టుకునేది. మళ్ళీ మొదటి నుంచి. కింది ఇంటి దర్జీ కర్రతో పైకప్పు పొడిచాడు. తర్వాత మెట్లెక్కి వచ్చి, "అక్కా, పాట బాగుంది, కాదనను. కానీ నా మెషీను కుట్లన్నీ ఆ తెడ్ల తాళానికే పడుతున్నాయి, కాస్త చప్పుడు తగ్గించండి" అన్నాడు. పాపం, మర్యాదగానే అన్నాడు. ఆమె మాత్రం తలుపు మొహాన వేసింది.

"ఒక్క మాటండీ" అని ఆయన మోకాళ్ళు పట్టుకునేది. "ఒకే ఒక్క మాట. మీకు రాని మాటా? ఊరంతా మీ నోట విన్నదే కదా." ఆయన ఆమె తల మీద చెయ్యి వేసేవాడు. ఆ చెయ్యి చూస్తే ఆమెకి ఇంకా భయం వేసేది. ఆశ వదులుకున్న మనిషి ఓదార్పులా ఉండేది అది.

ఒక మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే, ఏ చోట ఆపితే మాట దొరుకుతుందో చూద్దామని రికార్డు రెండో వైపు పెట్టింది. దర్జీకి వినబడకుండా, ఆయన లేవకుండా చప్పుడు బాగా తగ్గించి, చెవి ప్లేయరు డబ్బాకి ఆనించింది. ఒడ్డు దగ్గర సన్నివేశం వచ్చింది. "తిరిగొస్తావా?" అంది నాటకంలో పెళ్ళాం. తర్వాత నిశ్శబ్దం. ముల్లు బరబర. ఆ బరబరలో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చిన చప్పుడు. వెంటనే సన్నగా, చీమ నడిచినంత సన్నగా, "వస్తాను."

అది ఆమె గొంతే.

ఆ తర్వాత ఆయన గొంతు, "వస్తాను." పాట.

గుసగుసమ్మకి ఆ రోజు నిన్నటిలా గుర్తుంది. హాలు చుట్టూ దుప్పట్లు వేలాడదీశారు. అడుగుల చప్పుడు పడకూడదని అందరూ చెప్పులు బయట విడిచారు. అప్పటికి వాళ్ళకింకా పెళ్ళి కాలేదు. కాగితం చూసి పాడుకోవచ్చు, ఈరోజు అందింపు అవసరం లేదన్నారు. అయినా ఆమె స్టూలు తెచ్చుకుని కూర్చుంది. పడవాయన కాగితం పట్టుకోలేదు, పొగరు. ఆ చోటుకి వచ్చేసరికి ఆయన గొంతు ఆగిపోయింది. ఎన్నడూ మరిచిపోని మనిషి, రికార్డయ్యే రోజున మరిచిపోయాడు. ఆమె వెంటనే అందించింది. ఆయన అందుకున్నాడు. అయిపోయాక ఆమె వంక చూసి నవ్వాడు. పరువు కాపాడావు అనే నవ్వు అనుకుంది. ఆ నవ్వుకే పడిపోయింది. ఆ సంగతి మొగుడికి కూడా ఎన్నడూ గుర్తుచెయ్యలేదు. కాపాడినదాన్ని నేను అని చెప్పుకుంటే చిన్నతనంగా ఉంటుందని లోపలే దాచుకుని, కష్టం వచ్చినప్పుడల్లా తలచుకుని మురిసిపోయేది.

ముల్లు వెనక్కి జరిపింది. మళ్ళీ వింది. ఊపిరి ముందు. తన గుసగుస తర్వాత.

మాట మరిచినవాడు నిండా ఊపిరి పీల్చడు. కంపెనీలో అంతకాలం కూర్చున్న మనిషికి ఆమాత్రం తెలియదా? నోట మాట సిద్ధంగా ఉన్నవాడే ఛాతీ నింపుకుంటాడు. ఊపిరి బిగబట్టినా గొంతు కదలదు, ఆ సంగతే ఆమెకి ఆ రోజు తట్టలేదు. ఆయన మరిచిపోలేదు. ఆగాడు. తిరిగొస్తావా అంటే వెంటనే చెప్పలేని మనిషిలా కావాలని ఆగాడు. ఆ ఆగడాన్ని ఆమె మధ్యలో తుంచేసింది. తుంచేస్తే, గొడవెందుకని ఆమె వెంటే "వస్తాను" అనేశాడు.

మరి ఆ నవ్వు ఏమిటి?

ఆయన లేచేదాకా ఆగలేకపోయింది. భుజం పట్టి కుదిపింది. "ఏమండీ, రికార్డు తీసినరోజు మీకు ఆ మాట గుర్తుందా, మరిచిపోయారా? నిజం చెప్పండి." ఆయన బిత్తరపోయి చూశాడు. నోరు తెరిచాడు. "అ... అ..."

"గుర్తుంది, అంతేకదా" అంది గుసగుసమ్మ.

అనేశాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన తల అటూ ఇటూ కాకుండా ఊపి కిటికీ వైపు తిరిగాడు. అలా తిరగడం ఆమె ఎన్ని వందలసార్లు చూసిందో! ఆయన పని అయిపోయినట్టు, ఆమె చెప్పేసింది కనక ఇక తను చెప్పక్కర్లేదన్నట్టు.

సాయంత్రం ఆడపడుచుతో చెప్పుకుని ఏడ్చింది. ఆడపడుచు ఓదారుస్తుందనుకుంది. ఆవిడ తువాలు ముక్కతో మెడ తుడుచుకుంటూ, "ఇప్పుడు తెలిసిందా వదినా? అన్నయ్య నోరు తెరిచేలోగా నువ్వు చెప్పేస్తావని మేమంతా నవ్వుకునేవాళ్ళం కదా. కాఫీ కావాలా అంటే నువ్వే వద్దనేదానివి. ఆయన తాగాలనుకుంటున్నాడో లేదో ఎవరికి తెలుసు?" అంది.

"ఆయనొక్కసారైనా అనచ్చు కదా, ఆగవే అని."

"అననిస్తేగా."

గుసగుసమ్మకి కోపం వచ్చింది. ఆడపడుచు మీద కాదు, ఎవరి మీదో తెలియలేదు. కాసేపటికి ఆడపడుచే దగ్గరికి జరిగి భుజం మీద చెయ్యి వేసింది. "వదినా, రేపు ఆ మేడమ్ వచ్చేసరికి నోట్లో నీళ్ళు పోసుకుని కూర్చో. నీకు వేరే దారి లేదు" అంది. ఎగతాళికే అంది. గుసగుసమ్మ మాత్రం నిజంగానే తీసుకుంది.

జవాబు దొరక్క నీళ్ళు నమిలేవాళ్ళని మనం రోజూ చూస్తాం. జవాబు చెప్పకుండా ఉండడానికి ముందే నోటినిండా నీళ్ళు పోసుకున్న ఆడమనిషిని మాటల మేడమ్ ఎన్నడూ చూసి ఉండదు. గుసగుసమ్మ బుగ్గలు రెండూ ఉబ్బించి, మొగుడికి ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. ఆడపడుచు గుమ్మంలో నిలబడింది.

మాటల మేడమ్ అట్టలు తియ్యలేదు. ఆయన కళ్ళజోడు మెల్లగా తీసి తన చేతిలో పట్టుకుంది. "సార్, ఇది మీకు కావాలి. అడగండి. కళ్ళజోడు అనక్కర్లేదు, ఇవ్వు అన్నా చాలు. ఏదన్నా చాలు."

కళ్ళజోడు లేకపోతే ఆయనకి లోకమంతా అలికేసినట్టుంటుంది. చెయ్యి చాచాడు. ఆవిడ ఇవ్వలేదు. నోరు తెరిచాడు. "అ..." గొంతు పైకి లేచింది, దిగింది, ఆగింది.

గుసగుసమ్మ నాలుక నోట్లో నీళ్ళ కింద మెలితిరిగింది. ఇవ్వు. చిన్న మాట. మొదటి ముక్క చాలు. 'ఇ' అంటే ఆయన అందుకుంటాడేమో. అందుకుంటే మేడమ్ రాసుకుంటుందేమో. ఎవరికి తెలుస్తుంది? కానీ తనకి తెలుస్తుంది. రెండు చేతులతో స్టూలు అంచులు పట్టుకుంది.

ఆయన మళ్ళీ ప్రయత్నించాడు. మెడనరాలు ఉబ్బాయి. కంట్లో నీళ్ళు తిరిగాయి. చటుక్కున ఆమె వైపు తిరిగాడు. ఆ చూపు ఆమెకి తెలుసు. స్టేజీ మీద దిక్కుతోచని నటుడు తెర చాటుకి చూసే చూపు. జీవితంలో ఎంతమందో ఆమె వంక అలా చూశారు, ఈయన మాత్రం ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు చూస్తున్నాడు. అందించు అంటున్నాడు. ఆమె కళ్ళు మూసుకుంది.

కింద దర్జీ మెషీను ఆగింది, మళ్ళీ మొదలైంది. ఆమె కళ్ళు తెరిచేసరికి ఆయన మొహం ఎర్రబడి ఉంది. చాచిన చెయ్యి కళ్ళజోడు వైపు నుంచి ఆమె వైపు తిరిగింది. పెదాలు వణికాయి. ఛాతీ నిండా ఊపిరి తీసుకున్నాడు.

"ఎం... దు... కు?"

మాటల మేడమ్ కుర్చీలోంచి లేచిపోయింది. "వచ్చింది. అమ్మా, ఆయన మాట అది. ఆయన సొంత మాట" అంటూ ఆమె చేతులు పట్టుకుంది. ఆడపడుచు గుమ్మంలోనే కూలబడి ఏడుస్తూ నవ్వుతూ, "అన్నయ్యా, నా బంగారు అన్నయ్యా" అంటోంది. మాటల మేడమ్ కళ్ళజోడు తిరిగి ఆయన చెవులకి తగిలించింది. రావడం ఆపక్కర్లేదు, నేను చెప్తాను, నేను చూసుకుంటాను అని ఎవరూ అడక్కుండానే చెప్పేస్తోంది.

గుసగుసమ్మ నోట్లో నీళ్ళు ఎప్పుడు మింగేసిందో ఆమెకే తెలియదు. నోరు ఖాళీ. తెరిచింది, మాట లేదు. మీ మంచికేనండీ అందామనుకుంది. ఆ మాట ఇన్నాళ్ళూ అన్నదే, ప్రతిసారీ ఆయన చెప్పాల్సింది తను చెప్పేసి అన్నదే. ఇంకో మాట వెతుక్కుంది. దొరకలేదు. ఆమె గొంతు కదలకుండా నిలిచిపోయింది.

ఆయన నవ్వడం లేదు. కళ్ళజోడు సరిచేసుకుని, ముందుకు వంగి, ఆమె మొహంలోకి చూస్తున్నాడు. ఏమీ అందించకుండా, జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు.